పలక మోగే జాగా: తిరుపతి, చిత్తూరు వాడల్లో సంగీత చరిత్ర

తిరుపతి సంగీత చరిత్ర రాసేవాళ్ళు ఎక్కడ మొదలుపెడతారో మనకు తెలుసు. కొండ మీద మొదలుపెడతారు. తాళ్ళపాక అన్నమయ్య, గుళ్ళో దొరికిన రాగిరేకులు, 1959లో దేవస్థానం పెట్టిన సంగీత నృత్య కళాశాల, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఈ చరిత్రలో కచేరి అంటే ఒక మండపం, ఒక వేదిక, కింద వరసగా కూర్చున్న శ్రోతలు. మండపం లేని చోట సంగీతం లేదనుకుంటే మా వాడకు సంగీతమే లేనట్టు.

మా వాడ తిరుపతికి తూర్పున, శ్రీకాళహస్తి పోయే వైపు ఉండాది. నేను పుట్టి పెరిగింది మాదిగ ఇంట్లో. మా వంశంలో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. మా తాత పలక కొట్టేవాడు. మిగతా జిల్లాల్లో డప్పు అనేదాన్ని మా పక్క పలక అంటాం. మా కచేరి జాగా మాతమ్మ గుడి ముందర ఉండే ఖాళీ స్థలం. పది అడుగులు ఇటు, పది అడుగులు అటు. ఒక పక్క వేపచెట్టు, ఇంకో పక్క ఎవరిదో గోడ. మధ్యలో వరిగడ్డి మంట. ఆ మంటకు పలకలు కాస్తారు. తోలు బిగిసిందా లేదా అని వేలితో తట్టి చూస్తారు. అయిదారుగురు వలయంగా నిలబడతారు. మేము ఆ వలయానికి చేయి చాపితే అందేంత దగ్గర కూచునేవాళ్ళం. దెబ్బ చెవికి రాకముందే రొమ్ముకు తగిలేది.

ఈ వ్యాసం ఆ జాగా గురించి. ఒక చిన్న స్థలం, అందులో వాయించేవాళ్ళు, వాళ్ళకు ఎదురుగా వినేవాళ్ళు. దీన్ని చరిత్రగా ఎందుకు చూడాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మోత ఎవరి కోసం?

మా తాత పలక రెండు చోట్ల మోగేది. ఒకటి ఊరి కోసం. చావుకు, జాతరకు, చాటింపుకు. ఊరి కోసం కొట్టేటప్పుడు మనిషి ఊరేగింపుకు ముందు నడవాలి. వినేవాళ్ళంతా వెనక ఉంటారు. నిజానికి వాళ్ళు వినరు. పలక మోగితే ఏదో జరుగుతోందని తెలుస్తుంది, అంతే. బాగా కొట్టినాడా, తాళం తప్పినాడా అని ఎవరూ అడగరు. కొట్టకపోతే మాత్రం అడుగుతారు.

రెండోది వాడ కోసం. అక్కడ మనిషి మనిషికి ఎదురుగా నిలబడతాడు. వినేవాళ్ళకు ప్రతి దెబ్బా తెలుసు. ఒకడు తొందరపడితే అరుగు మీద కూచున్న ముసలమ్మ, 'రేయ్, నిదానంగా పోనీరా' అని కేకేస్తుంది. మా అవ్వ అట్లాంటి ముసలమ్మే. పలక ముట్టుకోలేదు గానీ జట్టును సరిదిద్దేది ఆమే. పలక ఒకటే, చెయ్యి ఒకటే. ఊళ్ళో అది వెట్టి, వాడలో అది విద్య.

ఊరి కోసం కొట్టే పని ఊరికే వచ్చిన ఆచారం కాదు. దానికి ఇనాములు, కళ్ళంలో మేరలు, వంశపారంపర్య బాధ్యతలు ఉండినాయి. కుంఫిణీ తర్వాతి బ్రిటిషు ప్రభుత్వం దాన్ని తీసెయ్యలేదు, కాగితం మీద పెట్టింది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కరణం, మునసబు పదవులతో పాటు కింది గ్రామ సేవకుల పనులను కూడా పుట్టుకకు ముడివేసింది. 1960లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని వారసత్వ నియమం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని తేల్చింది. ఆ కేసు వచ్చింది మునసబు కుర్చీ గురించి. తోటివాడి పలక గురించి ఎవరూ కోర్టుకు పోలేదు. వంశపారంపర్య కరణాలు, మునసబుల పదవులు రద్దయింది 1984 జనవరిలో. పలక కొట్టడం మాత్రం ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు కాబట్టి దాన్ని రద్దు చెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇక్కడ నల్లజాతి చరిత్రతో పోల్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అమెరికాలో దక్షిణ కరోలినాలో 1739లో స్టోనో దగ్గర బానిసలు తిరగబడినారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి యజమానులు బానిసలు డోళ్ళు వాయించడాన్నే చట్టం పెట్టి నిషేధించినారు. డోలు మోగితే తిరుగుబాటు కబురు పోతుందని వాళ్ళ భయం. మన దగ్గర యజమానులు పలక వద్దనలేదు, కొట్టి తీరాలన్నారు. నిషేధించిన డోలు రహస్యంగా మోగితే స్వేచ్ఛ అవుతుంది. ఆజ్ఞ మీద మోగే పలక ఏమవుతుంది? మన చరిత్రలో చిక్కుముడి ఇదే.

బొగ్గు కడుక్కుంటే పోయే కులం

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెలలో వారం రోజులు జరుగుతుంది. పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వరసగా వస్తాయి. కైకాల వంశంవాళ్ళు అమ్మవారి తరఫున వేషం కడతారు. మొక్కుకున్నవాళ్ళు ఏ కులంవాళ్ళయినా వేసుకోవచ్చు. తోటి వేషం రోజు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు.

చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూచుని ఆ వేషం చూసినాను. పెద్దయినాక, లైబ్రరీలో జాతర గురించిన పరిశోధనలు చదివేటప్పుడు తోటి అనే మాట దగ్గర ఆగిపోయినాను. మా తాత చేసింది ఆ పనే. దొర వేషం పక్కనే తోటి వేషం ఉండటాన్ని సమానత్వానికి గుర్తుగా చెప్పుకోవచ్చు. అయితే సాయంత్రం బొగ్గు కడుక్కున్నవాడు తన ఇంటికి తాను పోతాడు. కడుక్కోవడానికి బొగ్గే లేని తోటివాడు ఎక్కడికి పోవాలి?

షెడ్యూల్డు కులాల జాబితా తిరగేయండి. పంబాల, మాతంగి, మాస్టి, చిందోళ్ళు, డక్కలి. వీటిలో ఎన్ని పేర్లు వాయిద్యాన్నో, ఆటనో, అడుగునో చెబుతున్నాయో చూడండి. ప్రభుత్వం అంటరానివాళ్ళ పట్టిక అని రాసుకున్నది ఒక రకంగా ఈ నేల మీది కళాకారుల జట్ల పట్టిక కూడా. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేసినాడు. మాదిగల గురించి, మాతంగి గురించి పేజీలు పేజీలు రాసినాడు. ఆచారం దొరికింది, తాళం దొరకలేదు. రాగిరేకు మీద చెక్కిన పాట వందల ఏళ్ళు అరలో పడి ఉన్నా మిగులుతుంది. తోలు మీద కొట్టిన పాట కొట్టినవాడితో పాటే పోతుంది. అన్నమయ్య కీర్తనల్లో కులభేదం కాదన్న మాట కూడా ఉందంటారు. ఉంది. 1947లో మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఆ మాట గుడి లోపల నిలబడి వినే హక్కు మా తాత ముత్తాతలకు లేదు.

తోలు గురించి ఇంకో మాట. మృదంగానికి కట్టేదీ పశువు తోలే. ఆ తోలును పదును చేసి మృదంగం తయారుచేసిన దళిత, క్రైస్తవ కుటుంబాల కథను టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంగా రాసినాడు. కాబట్టి మైల తోలులో లేదు. తోలు ఎవరి ఒళ్ళో ఉందనేదాంట్లో ఉంది.

కింద పెట్టినవాళ్ళు, మళ్ళీ ఎత్తుకున్నవాళ్ళు

పలక కింద పెట్టడం కూడా మన చరిత్రే. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్ల మాంసం మానెయ్యమన్నాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ సవరణ బిల్లు పెట్టినాడు. వంశపారంపర్య చాకిరీని వదిలించుకోకుండా మనిషి కాలేమని ఆయన వాదన. అదే కాలం తర్వాత, 1930లలో, మహారాష్ట్రలో అంబేద్కరీ జల్సా జట్లు పుట్టినాయి. చాకిరీ వదిలినవాళ్ళు పాట వదల్లేదు. ఈ రెండూ కలిపి చూడాలి.

మన దగ్గర కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత చదువుకున్న పిల్లలు చాలామంది ఇళ్ళల్లో ఇదే గొడవ. మా ఇంట్లోనూ జరిగింది. మా నాయన, 'నేను కొట్టను, నా బిడ్డల చేత కొట్టించను' అని పలకను అటక మీద పెట్టేసినాడు. అందుకు మా తాత ఏడ్చినాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని నన్ను అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను. మా నాయన ఊరి పలకను దించినాడు. మా తాతకు పోయింది వాడ పలక.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. ఊరి పెద్ద మాటను చాటడానికి మోగిన పలకే సొంత మాటను చాటింది. అంతకు ముందు విప్లవ సాంస్కృతిక జట్లు డప్పును సభల మీదికి తెచ్చినాయి గానీ దాన్ని 'ప్రజల వాయిద్యం' అన్నారే తప్ప ఏ ప్రజలదో చెప్పలేదు. దండోరా ఆ కులం పేరు గట్టిగా చెప్పింది. వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేదాకా ముప్పై ఏళ్ళు ఆ మోత ఆగలేదు.

వలయం మధ్యలో ఎవరు?

మన జాగా గురించి గొప్పగా చెప్పుకుని ఆగిపోతే అది చరిత్ర కాదు. ఆడపిల్లగా నేను దాచలేని సంగతి ఒకటుంది. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో జబ్బు చేసిన ఆడబిడ్డను మాతమ్మకు వదిలే ఆచారం ఉండినది. వదిలిన పిల్ల పెళ్ళి చేసుకోకూడదు. జాతరలో పలకల ముందు ఆడాలి. ఊరి మగవాళ్ళు ఆమెను అందరి సొత్తు అనుకునేవాళ్ళు. దేవదాసీలుగా వదలడాన్ని నిషేధిస్తూ రాష్ట్రం 1988లో చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు మాతమ్మ ఆచారం గురించి నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.

నేను ప్రేమగా చెప్పిన ఆ పది అడుగుల జాగాలోనే ఆ ఆట కూడా జరిగింది. మా అవ్వ తాళం తెలిసి కూడా పలక పట్టుకోలేదు. మాతమ్మకు వదిలిన పిల్ల తాళానికి ఆడింది గానీ అది ఆమె ఎంచుకున్న ఆట కాదు. మగవాళ్ళు ఊరి ఆజ్ఞ మీద కొడితే వెట్టి అన్నాం. ఆడపిల్ల వాడ ఆజ్ఞ మీద ఆడితే ఏమనాలి? ఆ ప్రశ్నను పక్కన పెట్టిన ఆత్మగౌరవం సగమే అవుతుంది. తమిళనాడులో దిండిగల్ దగ్గర శక్తి జానపద కేంద్రంలో 1990 నుండి దళిత ఆడపిల్లలే పఱై పట్టుకుని వాయిస్తున్నారు. అది చెయ్యగలిగినప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

మంట ఆరిన తర్వాత

ఇప్పుడు పెళ్ళికీ జాతరకూ డీజే పెట్టెలు వస్తున్నాయి. పలకల జట్లు లేకపోలేదు. ఒకే రంగు చొక్కాలు వేసుకుని, రేటు మాట్లాడుకుని పోతున్నాయి. రేటు మాట్లాడుకోవడం మంచిదే, మేర గింజల కోసం చేయి చాపే రోజులు పోయినాయి. యాభై ఏళ్ళు దాటిన డప్పు కళాకారులకు రాష్ట్రం పింఛను ఇస్తోంది. 2024లో అది మూడు వేల నుండి నాలుగు వేలయింది. కానీ చాలా పలకలకు ఇప్పుడు తోలు బదులు ఫైబరు వేస్తున్నారు. ఫైబరుకు కాపడం అక్కర్లేదు. కాపడం లేకపోతే మంట లేదు. మంట లేకపోతే దాని చుట్టూ కూచోవడం లేదు. చిన్న మార్పే గానీ, దాంతో వాడ వలయం చెదిరిపోయింది. దెబ్బ నేర్చుకునేది ఆ మంట దగ్గరే కదా.

విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. డిగ్రీ ప్రాజెక్టుల కోసం దూరం పోవద్దు. మీ వాడలో పలక పట్టిన ఆఖరి ముసలాయన దగ్గర కూచోండి. చావు దెబ్బ ఏది, పెళ్ళి దెబ్బ ఏది, ఎవరి దగ్గర నేర్చినాడు, ఎంత ఇచ్చినారు, ఎక్కడ నిలబెట్టినారు, ఎప్పుడు ఆపేసినాడు, ఎందుకు ఆపేసినాడు, అన్నీ రాయండి, రికార్డు చెయ్యండి. ఆ తర్వాత పక్కింటి ముసలమ్మను కూడా అడగండి. పలక ముట్టుకోనివ్వని చేతులకే తాళం ఎక్కువ గుర్తుంటుంది.

మా తాత పోయినప్పుడు మా నాయన అటక ఎక్కి ఆ పలకను దించినాడు. తోలు చిరిగిపోయి ఉండింది. ఊళ్ళో ఎవరూ రమ్మనలేదు, ఎవరూ కొట్టమనలేదు. పక్క వాడ జట్టు దగ్గర ఒక పలక అడిగి తెచ్చి, గుడి ముందర మంట వేసి, మా నాయనే కొట్టినాడు. ఇరవై ఏళ్ళ తర్వాత. మా అవ్వ అరుగు మీద కూచుని వింటూ మధ్యలో ఒకసారి, 'నిదానం' అనింది.