శుక్రవారం పోయి సోమవారానికి రానివాళ్లు

నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి సూర్యాపేట మీదుగా విజయవాడకు, ఇంకోటి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకికి. హైదరాబాద్ పట్నం నుంచి ఇక్కడికి వచ్చే దారిలో చౌటుప్పల్, చిట్యాల చుట్టుపక్కల మందుల కంపెనీలున్నాయి. కెమిస్ట్రీ చదివిన మా వైపు పిల్లలు వాటిలో షిఫ్టు డ్యూటీలు చేస్తారు. ప్రపంచంలో హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్లు రోజూ వేసుకునే మాత్రల్లో పెద్ద వాటా హెటిరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీలదే. అదే విద్య తెలిసినవాళ్లు కొందరు పట్నం శివారు షెడ్లలో మెఫెడ్రోన్ అనే మత్తుపొడి వండుతూ పట్టుబడ్డారు కూడా. ప్రాణం నిలిపే మాత్రా, ప్రాణం తీసే పొడీ ఈ నేల మీదే తయారయ్యాయి. ఆ రెండింటి మధ్య రాలిపోయిన మగవాళ్లు కొందరున్నారు. మగవాళ్లను ప్రేమించినందుకు బతికినన్నాళ్లూ దాక్కున్నవాళ్లు. ఎందుకు పోయారో ఇంటివాళ్లు నోరు విప్పి చెప్పుకోలేనివాళ్లు. అలాంటి చావుకు మన దగ్గర బయటికి వినపడేలా ఏడుపు కూడా ఉండదు.

మత్తుతో వచ్చిన ఈ పతనం మొదలైన చోట్లలో ఒకటి లండన్. థేమ్స్ నదికి దక్షిణాన వాక్స్‌హాల్ అనే పేట, అక్కడి క్లబ్బులు. 1980ల్లో ఎయిడ్స్ ఆ నగరపు గే యువకులను వరసపెట్టి మింగింది. స్నేహితుల అంత్యక్రియలకు తిరిగి తిరిగి అలిసిపోయిన ఆ తరానికి ఒళ్లు తగిలితేనే చావు గుర్తొచ్చేది. 1996లో మూడు మందులు కలిపి వాడే చికిత్స వచ్చి ప్రాణాలు నిలబెట్టింది. భయాన్ని మాత్రం తీసేయలేకపోయింది. చిన్నప్పటి నుంచి ‘నీలో ఏదో తప్పుంది’ అని ఇల్లూ బడీ గుడీ ఎక్కించిన సిగ్గు ఎక్కడిదక్కడే ఉంది. ఆ సిగ్గు మీదికి మూడు మత్తులు వచ్చిపడ్డాయి. ముక్కుతో పీల్చే మెఫెడ్రోన్. రోజుల తరబడి నిద్ర రానివ్వని క్రిస్టల్ మెత్. నీళ్లలా కనిపించే జీహెచ్‌బీ, దాని తోబుట్టువు జీబీఎల్. ఈ రెంటినీ అక్కడివాళ్లు ముద్దుగా ‘జి’ అన్నారు. 2009లో గే మగవాళ్లను కలిపే గ్రైండర్ యాప్ వచ్చి పక్క వీధిలో ఎవరున్నారో ఫోన్లోనే చూపించింది. క్లబ్బు గది లోపలికి మారింది. మత్తుతో కలిసిన ఆ శృంగారానికి కెమ్‌సెక్స్ అన్న పేరు స్థిరపడింది. 2010 ఏప్రిల్‌లో బ్రిటన్ మెఫెడ్రోన్‌ను నిషేధించింది. అయినా ఆ గదుల్లో దీపాలు ఆరలేదు.

బయటినుంచి చూసేవాళ్లు దీన్ని ఒళ్లు కొవ్వెక్కి చేసిన పని అంటారు. ఆ మాట నాకు మింగుడు పడదు. ఇరవై ఏళ్లు తన ఒంటిని తానే అసహ్యించుకున్న మనిషికి, మొదటిసారి ఇంకో మనిషి ముందు సిగ్గు లేకుండా నిలబడే రెండు గంటలు దొరికాయి. అవి దొరికింది పొడి వల్ల. ఏ ప్రేమా ఇవ్వని రెండు గంటలు ఒక పొట్లం ఇస్తే ఆ పొట్లాన్ని వదులుకోవడం ఎంత కష్టమో తీర్పులు చెప్పేవాళ్లు ఆలోచించరు.

ఆ గదిని ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. టేబుల్ మీద సూది తీసేసిన సిరంజి. పక్కన ఫోన్లో టైమర్. ఎవరు ఎన్నింటికి ఎంత తాగారో రాసుకున్న చీటీ. ‘జి’ విషయంలో మత్తుకూ మరణానికీ మధ్య తేడా ఒక్క మిల్లీలీటరు కూడా ఉండకపోవచ్చు; అందుకే ఆ లెక్కలన్నీ. తెల్లవారుజామున లెక్క తప్పుతుంది. ఒకడు ముందు తాగింది మరిచి మళ్లీ తాగుతాడు, లేదా నడుమ పెగ్గు వేస్తాడు. సోఫాలో పడుకుని గురక పెడతాడు. ‘పాపం, అలిసిపోయిండు, పడుకోనియ్’ అనుకుంటారు పక్కవాళ్లు. అది నిద్రలో గురక కాదు, గొంతు మూసుకుపోతున్న చప్పుడు. కొందరు మళ్లీ లేవలేదు.

అందరూ అలా ఒక్క రాత్రిలో పోలేదు. ఎక్కువమందిది నిదానంగా జారిన జారుడు. శనివారం రాత్రితో మొదలైనది శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా సాగుతుంది. మెఫెడ్రోన్ కిక్కు తొందరగా దిగిపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. ముక్కు పాడయ్యాక సూది వస్తుంది. ఒకే సూది ఇద్దరు వాడితే హెపటైటిస్ సి; జాగ్రత్త లేని కలయికతో సిఫిలిస్ మాట సరేసరి. హెచ్ఐవీ ఉన్నవాడు మూడు రోజులు మెలకువతో ఉండి మాత్ర వేసుకోవడం మరిచిపోతాడు, అణిగిన వైరస్ తల ఎత్తుతుంది. మరవకుండా వేసుకున్నా ఒక్కోసారి ముప్పే. రిటోనావిర్ అనే మందు లివర్‌ను నెమ్మది చేస్తుంది; మామూలుగా కరిగిపోవాల్సిన మత్తు రక్తంలో పేరుకుపోతుంది. 1996లోనే బ్రిటన్‌లో రిటోనావిర్ వాడుతున్న ఒకాయన ఎక్స్‌టసీ అనే మత్తుమందు వేసుకుని ఇలాగే చనిపోయారు. హెచ్ఐవీకి మందులిచ్చే మన ఏఆర్‌టీ సెంటర్లలో రెండో వరస చికిత్సకు మారినవాళ్లకు ఇచ్చే మందుల్లో రిటోనావిర్ ఉంటుంది. డాక్టరుకు చెప్పుకుంటే తప్పే ముప్పు ఇది. చెప్పుకోవాలంటే రెండు రహస్యాలు ఒకేసారి విప్పాలి.

ఆపైన గోడల వెనక ఎవరో మాట్లాడుతున్నారన్న అనుమానం, పోయిన కొలువు, అప్పులు. చివరికి మత్తు లేకుండా ఇంకో మనిషిని తాకడమే చేతకాదు. దేనికోసం మొదలుపెట్టాడో సరిగ్గా దాన్నే పోగొట్టుకుంటాడు. ఈ పతనంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

డేవిడ్ స్టువర్ట్ ఈ గుంటలో అడుగు దాకా పడి లేచినవాడు. ఆస్ట్రేలియాలో పుట్టి లండన్ చేరాడు, హెచ్ఐవీతో బతికాడు, మత్తుకు బానిసై పోలీసులకు చిక్కాడు. బయటపడ్డాక సోహోలోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో కూర్చుని తనలాంటివాళ్లు చెప్పేది విన్నాడు. కెమ్‌సెక్స్ అన్న మాట వైద్యుల దాకా వెళ్లిందంటే చాలావరకు ఆయన వల్లే. తిట్టకుండా వినే చోటు ఒకటుంటే మనుషులు నడిచి వస్తారని చేసి చూపించాడు. 2022 జనవరిలో, యాభై ఆరేళ్లయినా నిండకుండా పోయాడు.

వినకపోతే ఏమవుతుందో అదే లండన్ చూపించింది. 2014 జూన్ నుంచి 2015 సెప్టెంబర్ మధ్య బార్కింగ్‌లో నలుగురు యువకులు ఒకే ఇంటి దగ్గర్లో శవాలై దొరికారు. ఆంటొనీ వాల్‌గేట్, గాబ్రియెల్ కొవారి, డేనియల్ విట్‌వర్త్, జాక్ టేలర్. స్టీఫెన్ పోర్ట్ అనేవాడు వాళ్లకు జీహెచ్‌బీ పట్టించి చంపాడు. గే పిల్లలు, మత్తు ఎక్కువై పోయారులే అన్నట్టు పోలీసులు తేల్చేశారు. పోలీసుల వైఫల్యం చివరి ముగ్గురి చావుకు బహుశా కారణమైందని 2021 డిసెంబర్‌లో మరణ విచారణ జ్యూరీ చెప్పింది. వాళ్ల తల్లులూ అక్కలూ స్టేషన్ల చుట్టూ తిరిగి మొత్తుకున్నప్పుడు ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ పొడి మన దగ్గరికీ వచ్చింది. 2015లో కేంద్రం మెఫెడ్రోన్‌ను మత్తుమందులను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ పట్టును సుప్రీంకోర్టు విడిపించింది. చట్టం విడిచినా ఊరు విడవలేదు. మా నల్గొండ వైపు మగపిల్లవాడికి పాతికేళ్లు దాటితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. కొందరు తాళి కడతారు, పిల్లల్ని కంటారు, కొలువు పేరు చెప్పి శుక్రవారం సాయంత్రం పట్నం బస్సెక్కుతారు. వాళ్లకు లండన్ వాళ్లకు దొరికిన క్లబ్బూ లేదు, క్లినిక్కూ లేదు. దొరికింది ఫోనూ, పొట్లమూ మాత్రమే. ఇంటి దగ్గర ఒక భార్య ఉంటుంది. ఆమెకు ఏమీ తెలియదు, జబ్బు వస్తే ఆమెకూ వస్తుంది. ఆమె దుఃఖం కూడా ఈ గాథలో భాగమే.

అయితే 2021లో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. ప్రధానంగా ట్రాన్స్‌జెండర్ల కోసం, వాళ్లే నడిపిన క్లినిక్. దేశంలో అలాంటిది అదే మొదటిది. హెచ్ఐవీ పరీక్ష, చికిత్స, మనసు విప్పి మాట్లాడే కౌన్సెలింగ్ అన్నీ ఒక్కచోటే. కెమ్‌సెక్స్ కోసం పెట్టింది కాకపోయినా, ఈ తెలుగు నేల మీద డీన్ స్ట్రీట్‌కు దగ్గరగా వచ్చింది అదే. నడిపింది అమెరికా సాయంతో. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే ఆ క్లినిక్‌కు తాళం పడింది. పుణె, కల్యాణ్‌లలోని చెల్లెలి క్లినిక్‌లూ మూతపడ్డాయి. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్‌ది సబ్‌రంగ్ అన్న పేరుతో మళ్లీ తెరుచుకుంది. సంతోషమే. కానీ ఎంతో ధైర్యం కూడగట్టుకుని మొదటిసారి వచ్చి, తాళం చూసి తిరిగి వెళ్లినవాడు రెండోసారి వస్తాడన్న నమ్మకం నాకు లేదు.

చెర్వుగట్టు రామలింగేశ్వరుడి గుట్ట మీద అమావాస్య రాత్రి జబ్బుతో వచ్చినవాళ్లు నిద్ర చేస్తారు. ఏం జబ్బని పక్కవాడు అడగడు. వీళ్లకూ అలాంటి చాప ఒకటి వేయాలని నా ఆశ. చట్టంలోనే దానికి కొంత చోటుంది. తక్కువ మోతాదుతో దొరికిన బానిస తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ సంగతి తెలియక, కేసవుతుందన్న భయంతోనే ఎంతమంది గడప దాటరు! హెచ్ఐవీ సందేహాలకు 1097, మత్తు మానాలంటే 14446. రెండూ డబ్బు పడని ఫోన్ నంబర్లే, పేరు చెప్పకపోయినా మాట్లాడవచ్చు.

ఇక ఆసుపత్రి తలుపు దగ్గర జరిగేది. స్పృహ లేని కుర్రాణ్ణి తెల్లారగట్ల ఆటోలో దించుతారు. ‘ఏం తీసుకున్నడు బాబు?’ అంటే, ‘ఏం లేదు సార్, మందు ఎక్కువైంది’ అంటాడు దించినవాడు, చూపు తిప్పుకుని. ‘జి’కి విరుగుడు మందు లేదు. హెరాయిన్ లాంటివాటికి విరుగుడైన నలాక్సోన్ దాని మీద పనిచేయదు. మామూలు యూరిన్ పరీక్షలో అది కనిపించదు, కొన్ని గంటల్లో ఒంట్లోంచే మాయమవుతుంది. ఊపిరి ఆగకుండా గొట్టం వేసి కాపాడుకోవాల్సిందే, అదీ సమయానికి తెలిస్తే. ఆ డాక్టరుకు కావల్సింది ఏం తాగాడు, ఎన్నింటికి, ఇంకేం కలిపాడు, రోజూ ఏ మాత్రలు వేసుకుంటాడు అన్నదే. ఎవరితో, ఎక్కడ అని ఆయన అడగడు. తోడొచ్చినవాడు ఆ మాట తెలియక, ఎక్కడ తన పేరు బయటపడుతుందోనని వణుకుతూ, జవాబు చెప్పకుండానే వెళ్లిపోతాడు.