పిల్లాపాపలతో బిడారం: నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల్లో తండా చరిత్ర

తండా అనగానే మీలో చాలామందికి ఊరికి దూరంగా ఉండే లంబాడీల పల్లె గుర్తుకు వస్తుంది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల విద్యార్థులలో కొందరికి అది సొంత ఊరే. కాని ఈ మాటకు పాత అర్థం పల్లె కాదు, కదిలే బిడారం. సరుకు మోసే ఎద్దులు, వాటిని తోలే మగవాళ్లు, ఆడవాళ్లు, చంటిపిల్లలు అందరూ కలిసి నడిచే సమూహాన్నే తండా అనేవారు. ఆ నడిచే తండా ఎట్లా నిలిచిపోయింది, నిలిచిన తండా నుంచి మనుషులు మళ్లీ పిల్లలను వెంటబెట్టుకొని ఎందుకు బయలుదేరవలసి వచ్చింది అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా నేల సంగతి. మహబూబ్‌నగర్ ఎడారి కాదు. అక్కడ ఏడాదికి సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయితే చల్క నేలలో నీరు నిలవదు, వాన సమయానికి రాదు. చెరువు నిండని ఏడు ఊరు ఖాళీ అవుతుంది. లంబాడీల భాష మాత్రం నిజమైన ఎడారి వైపు చూపుతుంది. వారి గోర్ బోలీ రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టం. మార్వాడ్ ప్రాంతం నుంచి వారి పూర్వీకులు ఎద్దులతో దక్కనుకు వచ్చారని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు.

ఈ బిడారాలను చూసినవారిలో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు ముఖ్యుడు. 1632లో ఆగ్రా నుంచి పాట్నా వెళ్తూ ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దుల తండా ఎదురైందని ఆయన రాశాడు. బంజారాలు భార్యాబిడ్డలతో సహా సంసారమంతా వెంట తీసుకువెళ్తారనీ, రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరనీ పేర్కొన్నాడు. ఆయన చూసింది ఉత్తరాదిలో అయినా, దక్కనులో తిరిగిన బిడారాల పద్ధతీ ఇదే. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కూడా వీరు ఇళ్లలో నివసించరని, ఆడవాళ్లను, పిల్లలను వెంట తీసుకుపోతారని రాశాడు.

ఆరేడు మైళ్లు అంటే సుమారు పది కిలోమీటర్లు. దీన్ని మందకొడితనం అనుకోవడం పొరపాటు. ఎద్దు మేస్తూ నడవాలి, నీళ్లున్న చోట ఆగాలి. ఎద్దుకు సరిపోయిన నడక బాలింతకూ, నడక నేర్చిన పిల్లవాడికీ సరిపోయింది. తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం బయటికి సాగే ఈ వ్యాపారంలో దారి, మజిలీ నిర్ణయించేది తండా నాయకుడు, అంటే నాయక్. వానాకాలంలో దారులు బురదమయం అయితే పచ్చిక ఉన్న చోట విడిది చేసేవారు. మొగల్ సేనలకు, 1791–92లో టిప్పు సుల్తాన్‌పై దండెత్తిన కారన్‌వాలిస్ సేనకు కూడా ధాన్యం అందించింది బంజారాలే. మొగల్ సేనాని ఆసఫ్ ఖాన్ తమ నాయకులకు రాగిశాసనం ఇచ్చాడని వారి ఐతిహ్యం. అందులో ఉన్నాయని చెప్పే హక్కులలో రెండింటిని గమనించండి: ఎవరి కుండలోని నీళ్లయినా తీసుకోవచ్చు, ఎవరి ఇంటి కప్పు గడ్డి అయినా ఎద్దులకు వేయవచ్చు. శాసనం నిజమైనా కాకపోయినా, కరవు నేలలో బిడారానికి ఏం కావాలో ఆ కథకు బాగా తెలుసు.

1874లో సికింద్రాబాద్–వాడి రైలుమార్గం, 1889లో బెజవాడ దాకా మార్గం వచ్చాయి. బిడారం నెలల తరబడి మోసే ఉప్పును రైలు రోజుల్లో చేర్చింది. మరోవైపు బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జీవితాన్నే అనుమానించింది. స్వాతంత్ర్యం తరువాత 1952లో గాని ఆ ముద్ర తొలగలేదు. వ్యాపారం పోయినవారు పచ్చిక, అడవి అంచున స్థిరపడ్డారు. ఆలస్యంగా వచ్చినవారికి చెరువు కింది మాగాణి దొరకదు, గుట్ట పక్క చల్కే దక్కుతుంది. తెలంగాణ ప్రాంత లంబాడీలకు 1976 సవరణ చట్టంతో షెడ్యూల్డ్ తెగల హోదా లభించింది. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత అనేక తండాలు గ్రామపంచాయతీలయ్యాయి.

అయినా ప్రయాణం ఆగలేదు. ‘పాలమూరు లేబర్’ అనే పేరు మీరు వినే ఉంటారు. ఆనకట్టలు, కాలువల మట్టిపనికి దేశమంతా తిరిగిన ఈ కూలీలు లంబాడీలు మాత్రమే కాదు, అనేక కులాలవారు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. అప్పు తీరేదాకా మనిషి అతని మనిషే. ఒకప్పుడు లారీ, ఇప్పుడు డీసీఎం వ్యాను. అందులో వంటపాత్రలు, బియ్యం మూట, వాటి మీద పిల్లలు. పనిచోట టార్పాలిన్ పరిచిన గుడిసె. భార్యాభర్తలు ఇద్దరూ పనిలోకి దిగితే చంటిబిడ్డను చూసుకునేది ఏడెనిమిదేళ్ల అక్క. ఆమె బడి అక్కడితో ఆగుతుంది. సెలవుల తరువాత హాజరుపట్టీలో ‘వలస’ అని రాసి ఉన్న పేర్లు చూసిన ఉపాధ్యాయులు మీలోనూ ఉండవచ్చు.

నాగార్జునసాగర్ ఉదాహరణ చూడండి. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. వేలాది కూలీలు రాళ్లు మోసి కట్టిన ఆ ఆనకట్ట నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారాయి. అదే జిల్లాలో ఎత్తున ఉన్న దేవరకొండకు ఎక్కలేదు.

చట్టాలు లేవా అంటే, 2025లో కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చేదాకా ఉండేవి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణభత్యం, స్థానచలన భత్యం ఇవ్వాలన్నది. కాని అది రాష్ట్ర సరిహద్దు దాటినవారికే. దేవరకొండ నుంచి గుంటూరు జిల్లా కాలువ పనికి పోయిన కుటుంబం 2014 జూన్ 2కు ముందు దాని పరిధిలోకి రాదు, ఎందుకంటే అప్పుడు రెండూ ఒకే రాష్ట్రం. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలన్నది. చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి పని ఇచ్చే చోట ఆ 50 సంఖ్య ఎన్నడూ వచ్చేది కాదు.

పాత బిడారంలో కష్టం లేదని నా ఉద్దేశం కాదు. దారిలో పుట్టి దారిలోనే పోయిన బిడ్డలు ఎందరో ఉంటారు. కాని ఎద్దు వారిది, ఎప్పుడు ఆగాలన్న నిర్ణయం వారిది. డీసీఎం వారిది కాదు, ఆగే చోటు మేస్త్రీ చెప్పాలి.

ఇక ఆధారాల సంగతి. మండీ ఎద్దులను లెక్కపెట్టాడు, పిల్లలను లెక్కపెట్టలేదు. మస్టరు రోల్‌లోనూ పనిచేసిన మనుషుల పేర్లే ఉంటాయి. కాబట్టి ఈ పాఠానికి అభ్యాసంగా, మీ ప్రాంతంలో వలస పోయి వచ్చిన ఒక వృద్ధురాలిని కలవండి. ఏ ఏడు ఎక్కడికి పోయారు, ఎందులో పోయారు, తాగే నీళ్లు ఎంత దూరం, పనివేళ పసిబిడ్డ ఎవరి దగ్గర ఉండేది అని అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోండి.