డ్యూరాండ్ కప్, 1950

స్వతంత్ర భారతంలో జరిగిన తొలి డ్యూరాండ్ కప్ ఇది. ఢిల్లీలో జరిగిన ఈ నాకౌట్ పోటీలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది. ఫైనల్ ఒక్కసారితో తేలలేదు. మొదటి ఆట సమంగా ఆగింది, మళ్లీ ఆడితే 1–0తో పోలీసులు గెలిచారు.

ఆసియాలోకెల్లా పాత ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్. బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలుపెట్టాడు. మొదట్లో ఇది తెల్ల సిపాయిల పండగ, కప్పు ఒక రెజిమెంట్ నుంచి ఇంకో రెజిమెంట్‌కు మారుతుండేది. 1940లో పోటీ ఢిల్లీకి వచ్చింది. ఆ ఏడాదే మహమ్మడన్ స్పోర్టింగ్ ఫైనల్లో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించింది. దేశీయుల పౌర జట్టు ఒకటి డ్యూరాండ్ గెలవడం అదే మొదలు. తర్వాత యుద్ధం, దేశ విభజన. 1950 దాకా పోటీయే లేదు.

తిరిగి మొదలైనప్పుడు ఫైనల్‌కు చేరిన రెండు జట్ల స్థాయికి పొంతన లేదు. మోహన్ బగాన్ 1911లోనే ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన పెద్ద క్లబ్బు, కలకత్తా జనానికి ఇంటిదేవుడు. హైదరాబాద్ జట్టేమో పోలీసు శాఖది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి రెండేళ్లు దాటింది, అంతే. అప్పటికి రాయలసీమలోని కడప, ప్రొద్దుటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి ఆ విజయం సీమవాళ్లకు పొరుగు రాష్ట్రం కబురే.

హైదరాబాద్ పోలీసు జట్టుకు 1950లోనే కోచ్‌గా వచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. ఆయన కోచింగ్‌లోనూ పంతులుతనం కనిపిస్తుంది. ఎక్కువ వాడే కాలిని పక్కనపెట్టి రెండో కాలితోనే ఆడాలని ఒక పోటీ, బంతిని తన్నుకుంటూ పరుగెత్తకుండా వెంటనే తోటివాడికి ఇచ్చేయాలని మరో పోటీ పెట్టేవాడు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో గోల్ కొట్టాలంటే ముందు నిలబడే తీరే మార్చుకోవాలి. బంతి రాకముందే ఎటు అందించాలో చూసుకోవాలి. రహీంకు కావలసింది ఆ చూపు.

ఆనాటి ఆట పద్ధతులు ఇప్పటివాళ్లకు వింతగా ఉంటాయి. మ్యాచ్ తొంభై నిమిషాలు కాదు, 70 నిమిషాలే. చాలామంది బూట్లు లేకుండా ఆడేవాళ్లు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10–1తో చితక్కొట్టాక గానీ మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేయలేదు. పెనాల్టీ షూటౌట్ ఆట నిబంధనల్లోకి 1970లో వచ్చింది. అంతవరకు ఫైనల్ సమమైతే సాధారణంగా మరో రోజు మళ్లీ మొదటి నిమిషం నుంచి ఆడేవాళ్లు. ఇందులో అదృష్టం పాలు తక్కువ, అలసట పాలు ఎక్కువ. హైదరాబాద్ జట్టు గెలిచింది అలాంటి రెండో ఆటలోనే.

ఆ ఏడాది బొంబాయి రోవర్స్ కప్పు కూడా సిటీ పోలీస్‌దే. అక్కడి నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు దాన్ని ఎవరికీ వదల్లేదు. ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ 1952లో హెల్సింకికి, 1956లో మెల్‌బోర్న్‌కు ఒలింపిక్స్ ఆడటానికి వెళ్లారు.

1951 మార్చిలో ఢిల్లీలోనే తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ మోహన్ బగాన్ డిఫెండర్ శైలేన్ మన్నా, కోచ్ రహీం. కొద్ది నెలల కిందట డ్యూరాండ్ కోసం పోటీపడిన రెండు శిబిరాల మనుషులు ఇక్కడ ఒక్క జట్టయ్యారు.

డ్యూరాండ్‌ను సిటీ పోలీస్ 1954లో, 1957లో మళ్లీ గెలుచుకుంది. 1961లో ఫైనల్‌కు వచ్చేసరికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. ఎదుట మళ్లీ మోహన్ బగానే, గెలుపూ మళ్లీ 1–0తోనే. అప్పటికి కడప కూడా ఆ రాష్ట్రంలోదే.