హోం థియేటర్ కొంటున్నారా? ముందు ఈ 4 విషయాలు చూసుకోండి..

బందరు, గుడివాడ, దివిసీమ.. ఎక్కడైనా షాపుకెళ్తే ముందు వాట్స్ లెక్కే చెబుతారు. కానీ మీ ఇంట్లో ఏం చూస్తారో దాన్ని బట్టే సెట్ ఎంచుకోవాలి.

సౌండ్: సీరియళ్లు, వార్తలు ఎక్కువగా స్టీరియోలోనే వస్తాయి. వాటికి సౌండ్‌బార్ చాలు. ఓటీటీ సినిమాలకైతే 5.1 బాగుంటుంది. అయితే సోఫా వెనక స్పీకర్లకు చోటుండాలి. 10 బై 12 అడుగుల గదిలో సోఫా గోడకు ఆనించి ఉంటే ఆ ఖర్చు దండగే.

కనెక్షన్: టీవీకి ‘హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ’ అని రాసున్న పోర్టులోనే సౌండ్‌బార్ కేబుల్ పెట్టండి. సెట్‌టాప్ బాక్స్, ఓటీటీ రెండింటి సౌండూ దాంట్లోనే వస్తుంది.

రికార్డింగ్: సెట్‌టాప్ బాక్స్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి రికార్డ్ చేసినవి చాలావరకు ఆ బాక్సులోనే ప్లే అవుతాయి. బాక్సు మారిస్తే అవి పోయినట్టే! పాతది ఇచ్చేసేలోపే చూసేయండి.

తుఫాను: అక్టోబరు, నవంబరుల్లో నెట్ పోతే ఓటీటీ ఆగిపోతుంది. కరెంటు ఉంటే రికార్డింగులు మాత్రం ఆడతాయి. ఉరుములు మొదలవ్వకముందే ప్లగ్గుతో పాటు డిష్ లేదా కేబుల్ వైరు కూడా పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. పిడుగు పోటు ఆ వైరులోంచి కూడా వస్తుంది.