పౌరుషమును రక్తమును

విశాఖపట్టణపు సముద్రతీరమున కోడి రామమూర్తినాయుడుగారి విగ్రహము గలదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామవిద్య నేర్చి, బాలురకు నేర్పి, పిమ్మట సర్కసు కట్టి, ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొని, ఇనుపగొలుసులు త్రెంచి, కలియుగభీముడని పేరొందిన మల్లు డాయన. ఆయన కీర్తి మిన్నుముట్టిన నాటికి పౌరుషమును సూదిమందుగా చేయు విద్య లోకమున పుట్టలేదు.

పుట్టనిది విద్యయే గాని కోరిక కాదు. ఆయుర్వేదమున కున్న యెనిమిది యంగములలో వాజీకరణ మొకటి. మేకపోతు వృషణములను పాలతో, నేతితో వండి సేవింపుమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. 1849లో జర్మనీదేశపు బెర్తోల్డు పండితుడు వృషణములు తీసిన కోడిపుంజులకు తురాయి వాడుటయు, వానిని మరల కడుపులో నాటినచో పుంజు యథాప్రకారము కూయుటయు కనుగొనెను. 1889లో పారిసునందు డెబ్బదిరెండేండ్ల బ్రౌన్ సెకార్డు జంతువుల వృషణరసమును తనకు తానే యెక్కించుకొని, యౌవనము మరలినదని ప్రకటించెను. అది భ్రమయే. తుదకు 1935లో లాకరు ఆ రసమును వృషణములనుండి వేరుపఱచి టెస్టోస్టిరోనని పేరిడగా, ఆ యేడే బూటెనాంటు, రుజీచ్కా లిరువురును దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి.

ఈ రసము కండను పెంచుటతో ఊరకుండదు. మూత్రపిండములలో పుట్టు ఎరిత్రోపొయిటినును హెచ్చించును. ఇనుమును అడ్డగించు హెప్సిడినును అణచును. ఎముకలలోని మజ్జకు ఇనుము సమృద్ధిగా దొరకి ఎఱ్ఱకణములు పెరుగును. పురుషుల హీమోగ్లోబిను స్త్రీలకంటె హెచ్చుగ నుండుటకు ఇదియే ముఖ్యకారణము. అయితే హద్దు మీరినచో రక్తము చిక్కబడి, గడ్డకట్టు భయము కలుగును. ఎఱ్ఱకణముల పాలు నూటికి 54 దాటినచో మందు నిలుపవలెనని వైద్యుల నియమము. 2023లో వెలువడిన యొక పెద్ద పరిశోధనలో, ఈ రసము నిజముగా కొఱవడి వైద్యుల పర్యవేక్షణలో మందు పుచ్చుకొన్నవారికి గుండెపోటు హెచ్చలేదు గాని, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డలు హెచ్చినవి. అవసరము లేనివారు వైద్యుని యెఱుగక వాడినచో చెప్పవలసిన దేమున్నది? పైనుండి పోసిన మందు సహజమైన ఉత్పత్తిని ఆపి వీర్యకణములను క్షీణింపజేయును. పౌరుషమునకై కొన్నది సంతానమునకే చేటగుచున్నది!

మా పూర్వవిద్యార్థి యొకడు, ఇరువదియేడేండ్లవాడు, వ్యాయామశాలలో ఎవరో చెప్పిన మాట నమ్మి ఈ సూదులు వేయించుకొనెను. ముఖము కందగడ్డ వలె ఎఱ్ఱబాఱి, తలనొప్పి విడువకుండగా రక్తము పరీక్షింపజేసిరి, హీమోగ్లోబిను 19. పొగత్రాగుటచేతను, నిద్రలో ఊపిరాడకపోవుటచేతను, మజ్జలోని రోగముచేతను కూడ రక్తము ఇట్లు పెరుగవచ్చును గనుక వైద్యుడు అన్నియు విచారించి సూదులు మాన్పించెను. వాడు బ్రతికి బయటపడెను. కాని అంతకు నాలుగు నెలల ముందు వాని భుజములను చూచి మెచ్చినవారిలో మేమును ఉంటిమి. ఎట్లు పెంచితివని అడుగమైతిమి. ఆ మౌనము మమ్ము నేటికిని బాధించుచున్నది.

వాని చెల్లెలికి రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తము చాలదని తేలినది. ఒకే యింట అన్నకు రక్తము పొంగుట, చెల్లెలికి ఇంకుట! అన్న సూదులకు పెట్టిన సొమ్ములో నాలవపాలు చెల్లెలి పథ్యమునకు, ఇనుపమాత్రలకు చాలియుండెడిది.

ఉక్కు కర్మాగారమున్న ఊరివారికి వేఱుగ చెప్పనేల? ఇనుములో బొగ్గుపాలు మితముగా నున్నచో ఉక్కు. మితిమీరినచో దెబ్బకు పగులు పోతయినుము. తలిదండ్రులు, ఉపాధ్యాయులు బిడ్డల కండలను మెచ్చుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుదురు గాక. మేము అడుగక చెడితిమి.