పార్టీయా, మనిషియా?

గోలకొండ కోటకు చేరువనున్న టోలిచౌకి నుండి ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్‌కు ఎత్తెక్కి పోవు దారిలో, బాటసారి కంటికి కానరాని సరిహద్దు ఒకటి కలదు. దిగువనున్న టోలిచౌకి కార్వాన్ శాసనసభా నియోజకవర్గములోనిదై హైదరాబాదు లోక్‌సభ స్థానమునకు చెందగా, ఎగువ కొండలు సికింద్రాబాదు లోక్‌సభ స్థానములో చేరినవి. మెహదీపట్నం రైతుబజారులో ఒకే గంపలోని వంకాయలను బేరమాడువారు సార్వత్రిక ఎన్నికల నాడు వేర్వేరు అభ్యర్థుల జాబితాల ముందు నిలువవలసి వచ్చును. ఏ పార్టీకి ఓటు వేయుదమను ప్రశ్న మాత్రము అందరిదియు నొక్కటే. ఆ ప్రశ్నలోనే, ఓటు పార్టీకా, మనిషికా యను మరియొక చిక్కు ఇమిడియున్నది. 1952 నుండి హైదరాబాదు ఓటరు ఈ రెంటి నడుమ ఎట్లు తీర్పు చెప్పుచు వచ్చెనో పరిశీలించినచో, అతనిని అమాయకుడని తలచువారి అభిప్రాయము నిలువదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగియువరకు ఈ సంస్థానమున సామాన్యునికి వయోజన ఓటు హక్కన్నది లేదు. దేశముఖుల గడీల ముందు చెప్పులు చేతబట్టుకొని నడచిన పాలేరుకును, ఆ గడీలోని దొరకును సమానమైన విలువగల ఓటు దక్కినది మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే. 21 యేండ్లు నిండిన ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునకును ఓటు ప్రసాదించిన రాజ్యాంగ కర్తలు, ఆ ఓటర్లలో అత్యధికులకు అక్షరజ్ఞానము లేదను సంగతి నెరుగకపోలేదు. కావుననే మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ హయాములో పార్టీలకు గుర్తులు కేటాయింపబడినవి: కాంగ్రెసుకు కాడి మోయు జోడెద్దులు, సోషలిస్టులకు మఱ్ఱిచెట్టు, జనసంఘమునకు దీపము. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఉక్కు పెట్టె, ఆ పెట్టెపై అతని గుర్తు. ఓటరు రూపాయి నోటంత చీటీని చేతబట్టుకొని తెర వెనుకకు పోయి, వరుసగా పేర్చిన పెట్టెలలో తాను కోరిన గుర్తుగల దానియందు ఆ చీటీని జారవిడిచి వచ్చెడివాడు. వ్రాయనక్కరలేదు, నోరు విప్పనక్కరలేదు, వ్రేలిముద్రయైనను వేయనక్కరలేదు. ఆ పెట్టెలను తయారుచేసిన సంస్థలలో 1942లో మన నగరముననే నెలకొల్పబడిన హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్స్ ఒకటియను సంగతి నేటివారిలో బహుకొద్దిమందికి మాత్రమే తెలియును.

నా దృష్టిలో ఆ ఎన్నికలలో అన్నిటికంటె గొప్ప వస్తువు ఆ తెర. పోలింగు కేంద్రము వాకిలివరకు దొర మనిషి వెంటరావచ్చును గాని, తెర వెనుకకు రాజాలడు. ఫలితము నల్లగొండలో కనబడెను. తమ పార్టీపై నిషేధముండుటచే కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీ.డీ.ఎఫ్.) పేర పోటీచేయగా, ఆ పక్షమున నిలిచిన రావి నారాయణరెడ్డి సాక్షాత్తు నెహ్రూకు వచ్చిన వానికంటె అధికముగా ఓట్లు పొంది లోక్‌సభకు వెళ్ళెను. హైదరాబాదు నగరము మాత్రము కాంగ్రెసు అభ్యర్థి అహ్మద్ మొహియుద్దీన్‌ను ఎన్నుకొనెను. ఇదే కాలమున ఉత్తరదేశమున, తమ పేరు చెప్పుకొనుటకు ఇచ్చగింపక ఫలానావారి భార్యయని, ఫలానావారి కూతురని మాత్రమే వ్రాయించుకొన్న స్త్రీల పేర్లు దాదాపు 28 లక్షలు జాబితాలనుండి తొలగింపవలసి వచ్చెనని చదివినప్పుడు, ఓటు వేయుటకు ముందు మనిషి తన పేరు తాను చెప్పుకొనవలసి యుండునను సత్యము మనస్సును కలచివేయును.

1962 సార్వత్రిక ఎన్నికల నాటికి వేర్వేరు పెట్టెల పద్ధతి పోయి, అభ్యర్థుల పేర్లును గుర్తులును ఒక్క కాగితముపై అచ్చుకాగా, ఓటరు రబ్బరు ముద్రతో తన కిష్టమైన గుర్తుపై గుద్దు పద్ధతి వచ్చెను. ఆ యేట హైదరాబాదు లోక్‌సభ స్థానమునుండి గెలిచినవాడు డాక్టరు జి.ఎస్. మెల్కోటే. వైద్యుడు, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గమున ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు. 1967లో మరల కాంగ్రెసు పక్షముననే గెలిచెను. 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము చెలరేగి ఎందరో యువకులు తుపాకి గుండ్లకు బలియైన పిమ్మట, 1971లో ఆయన తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థిగా నిలిచి మూడవమారు గెలిచెను. మనిషి మారలేదు, పార్టీ మారినది. మనిషిపైని గౌరవముచేతనే ఓటర్లు వెంటనడచిరందుమా? అట్లనుటకు వీలులేదు, ఇందిరాగాంధీ గాలి దేశమంతట బలముగా వీచిన ఆ ఎన్నికలలోనే తెలంగాణలోని 14 స్థానములలో 10 ప్రజాసమితికి దక్కినవి. ఆనాడు జనులు ఒక కోరికకు ఓటు వేసిరి. ఆ కోరికను పలికిన నోరు మెల్కోటేదైన చోట ఆయనకు, మరొకరిదైన చోట మరొకరికి ఆ ఓటు చెందినది.

ఇక కొండలమీది సంగతి. మద్రాసులో పుట్టిపెరిగిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ 1970 దశకమున ఇచ్చటికి తరలిరాసాగెను. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను, పిమ్మట కృష్ణ పద్మాలయ స్టూడియోను కట్టగా, రాళ్ళగుట్టలు ఫిల్మ్‌నగర్‌గా మారెను. 1982 మార్చి 29న నందమూరి తారకరామారావు హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని ప్రకటించి, చైతన్యరథమెక్కి పల్లెపల్లెకు తిరిగి, తొమ్మిది మాసములు గడచిన కొలదికాలమునకే, 1983 జనవరిలో, 294 స్థానములు గల శాసనసభయందు రెండువందలకు పైగా గెలుచుకొనెను. తెరమీది రాముని, కృష్ణుని చూచి జనులు ఓట్లు వేసిరని అప్పుడును కొందరు వ్రాసిరి, ఇప్పుడును వ్రాయుచున్నారు. ఈ మాట ఓటరునకు తీరని అన్యాయము చేయును. ఢిల్లీ నుండి ముఖ్యమంత్రులను మార్చుచు పోయిన తీరుపై రేగిన రోషమును, కిలో బియ్యము రెండు రూపాయలకిత్తునన్న వాగ్దానమును ఆ మాట లెక్కలోనికి తీసికొనదు. వేషమే ఓటు తెచ్చునదైనచో, 1989లో అదే రామారావును కల్వకుర్తి ఓటర్లు ఓడించి యుండరు. ఆ యేట ఏలూరున కృష్ణను కాంగ్రెసు పక్షమున లోక్‌సభకు పంపిన ఓటర్లే 1991లో ఆయనను ఇంటికి పంపి యుండరు. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచి, తన సొంత సీమలోని పాలకొల్లులో ఓడియుండడు. సినిమా టిక్కెట్టు కొనునపుడు మనిషి తన సొమ్ము నిచ్చును. ఓటు వేయునపుడు తన బిడ్డల బ్రతుకు నిచ్చును. ఈ భేదము కృష్ణానగర్ సందులలో ఇరుకు గదుల అద్దెకట్టుచు వేషములకై తెల్లవారుజామున కాచుకొనియుండు చిన్న నటులకు తెలిసినంతగా పెద్ద విశ్లేషకులకు తెలియదు.

ఏ పార్టీయు తమ గోడు వినలేదని ప్రజలు నిశ్చయించుకొన్న ఘట్టములును మన చరిత్రలో లేకపోలేదు. 1996లో ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లా ప్రజల పక్షమున వందలాది మంది నామపత్రములు దాఖలుచేయగా, ఆ లోక్‌సభ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి; ఓటు కాగితము పుస్తకమంత కాగా పోలింగునే వాయిదా వేయవలసి వచ్చినది. పార్టీలను తిరస్కరించుటకు అంత శ్రమ పడవలసిన పని 2013లో నోటా వచ్చుటతో కొంత తగ్గెను. అప్పటికే కాగితము పోయి, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థయు, బెంగుళూరు బి.ఇ.ఎల్. సంస్థయు తయారుచేసిన యంత్రములు వచ్చియుండెను. 2015 నుండి ఆ యంత్రముపై గుర్తు పక్కన అభ్యర్థి ఛాయాచిత్రమును చేర్చిరి. 1952లో పెట్టెమీద గుర్తు మాత్రమే యుండగా, ఇప్పుడు మనిషి ముఖము గుర్తుతో సమానముగా వచ్చి కూర్చున్నది.

2009లో తొలిసారి ఎన్నికలు జరిగిన జూబ్లీహిల్స్ నియోజకవర్గమనగానే వినువారికి నటుల మేడలు స్ఫురించును గాని, అందు అధికభాగము యూసఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట బస్తీలే. ఇచ్చటి ఓటర్లు 2014లో మాగంటి గోపీనాథ్‌ను తెలుగుదేశము పక్షమున ఎన్నుకొనిరి. ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరగా 2018లో ఆ పార్టీ పక్షముననే ఎన్నుకొనిరి. ఆ పార్టీ భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొన్న పిమ్మట 2023లో మరల ఎన్నుకొనిరి. మెల్కోటే ప్రజల కోరిక పొంగిన దిశగా పార్టీ మారి వెంటనే వారి ముందు నిలిచెను. మన కాలమున పలువురు నాయకులు ఒక పార్టీ గుర్తుపై గెలిచి, పదవీకాలము నడుమనే మరియొక పార్టీలో చేరి, సభలో హాయిగా కూర్చుండుచున్నారు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టము సభ్యుని పార్టీ విప్పునకు కట్టివేసినది. కావున సభలో చేయెత్తునది మనిషియైనను, ఎత్తించునది పార్టీయే. ఈ కారణముచే ఓటరు ముందుగా పార్టీ విధానమును, పిమ్మట మనిషి నడవడిని చూడవలెనని నా దృఢాభిప్రాయము. గెలిచిన పిదప గుర్తు విడిచినవాడు ఆ క్షణమే పదవిని వదలి ఓటర్లముందుకు రావలెనను నియమము లేనంతకాలము, పార్టీని చూచి ఓటు వేసినవాని ఓటు అతని యనుమతి లేకయే మరియొకరి ఖాతాలో జమయగుచుండును.

గోపీనాథ్ మరణానంతరము 2025 నవంబరు 11న జరిగిన ఉపయెన్నికలో ఆయన భార్య సునీత భారత రాష్ట్ర సమితి పక్షమున నిలువగా, కాంగ్రెసు అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచెను. ఆయన 2014లో ఇదే నియోజకవర్గమున మజ్లిస్ అభ్యర్థిగా నిలిచి రెండవ స్థానము పొందినవాడు. 2023లో వలెనే ఈ మారును జాబితాలోని ఓటర్లలో సగము మందియైనను పోలింగు కేంద్రములకు రాలేదు.