ఎరుపుకు కట్టిన అంకె: కుందేలు చర్మంపై రసాయన పరీక్షల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక రసాయనం మనిషి చర్మానికి హాని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి దానిని ముందుగా కుందేలు చర్మంపై ఉంచి చూసే పద్ధతికి 1944లో అమెరికాలో ఒక నిర్దిష్ట రూపం వచ్చింది. డ్రేజ్ పరీక్షగా ప్రసిద్ధమైన ఈ పద్ధతి పుట్టుకకు కారణమైన చట్టపరమైన అవసరాన్ని, పరీక్షా విధానాన్ని, దానిపై వచ్చిన శాస్త్రీయ విమర్శను, ప్రత్యామ్నాయాల రాకను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బాధను కంటికి కనిపించే లక్షణంగా, ఆ లక్షణాన్ని అంకెగా మార్చడంలోనే ఈ పరీక్ష బలమూ పరిమితీ ఉన్నాయని చూపడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: చర్మప్రకోపం, డ్రేజ్ పరీక్ష, కుందేలు, ప్రయోగశాల జంతువులు, ప్రత్యామ్నాయ పద్ధతులు.

1. ఉపోద్ఘాతం

ఒంటికి పడని పదార్థం చర్మానికి తగిలినప్పుడు తెలుగులో వాడే మాటలు రెండు తెగలుగా కనిపిస్తాయి. మంట, దురద, చుర్రుమనడం అనేవి అనుభవించినవారు చెబితే తప్ప ఎదుటివారికి తెలియనివి. ఎరుపు, వాపు, పొక్కు, దద్దురు అనేవి ఎదుటివారి కంటికి కనిపించేవి. ఇరిటేషన్ అనే ఆంగ్లపదం ఈ రెండింటినీ ఒకే గొడుగు కిందికి తెస్తుంది. శాస్త్రవ్యవహారంలో దీనికి ప్రకోపం అనే మాటను వాడవచ్చు. అయితే ప్రయోగశాల ఈ రెండు తెగలనూ సమానంగా స్వీకరించలేదు. నోరులేని జంతువు మీద చేసే పరీక్షలో మొదటి తెగకు చోటు లేదు. చర్మప్రకోప పరీక్ష చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే, దాని నిడివైన మనుగడకూ తర్వాతి పతనానికీ కారణాలు స్పష్టమవుతాయి.

2. పరీక్ష పుట్టుక: చట్టానికి కావలసిన సాక్ష్యం

అమెరికాలో 1906 నాటి ఆహార, ఔషధ చట్టం సౌందర్యసాధనాలను తన పరిధిలోకి తీసుకోలేదు. 1930ల తొలినాళ్లలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల వెంట్రుకల రంగు వాడిన స్త్రీలు తీవ్రంగా గాయపడ్డారు. ఒకరు చూపు కోల్పోయారు, ఒకరు మరణించారు. అందులో పారాఫినైలీన్ డయామిన్ అనే రసాయనం ఉంది. అయినా ఆ సరుకును అంగళ్ల నుంచి తొలగించే అధికారం ప్రభుత్వానికి లేకపోయింది. 1937లో ‘ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్’ అనే మందు నూరుమందికి పైగా ప్రాణాలు తీయడంతో కొత్త చట్టానికి మార్గం సుగమమైంది. 1938లో వచ్చిన ఆహార, ఔషధ, సౌందర్యసాధనాల చట్టం హానికరమైన సౌందర్యసాధనాన్ని స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఆహార, ఔషధ పాలనా సంస్థకు ఇచ్చింది.

అయితే సౌందర్యసాధనాన్ని అంగడికి చేర్చే ముందే అది క్షేమకరమని తయారీదారు నిరూపించాలన్న నియమం ఆ చట్టంలో లేదు. హాని ఉందని చూపవలసిన భారం ప్రభుత్వ సంస్థపైనే పడింది. కాబట్టి ఆ సంస్థకు కావలసింది వైద్యుని అభిప్రాయం మాత్రమే కాదు; ఎవరు చేసినా ఒకే తీరులో చేయదగిన, ఫలితాన్ని అంకెలో చెప్పగల విధానం. ఆ సంస్థలోనే పనిచేస్తున్న జాన్ డ్రేజ్, జాఫ్రీ వుడార్డ్, హెర్బర్ట్ కాల్వరీ 1944లో ప్రచురించిన పరిశోధనపత్రం ఈ అవసరాన్ని తీర్చింది. ప్రజలను కాపాడాలన్న ఉద్దేశంతోనే ఈ పరీక్ష పుట్టిందన్న సంగతిని తర్వాతి విమర్శల వేడిలో విస్మరించకూడదు.

3. విధానం: కంటిచూపు నుంచి అంకెకు

పరీక్షకు ఆల్బినో కుందేలును ఎంచుకున్నారు. వీపు మీద బొచ్చు కత్తిరించి, కొంత భాగాన్ని యథాతథంగా ఉంచి, మరికొంత భాగంపై పైపైన గీతలు పెడతారు. పదార్థం ద్రవమైతే 0.5 మిల్లీలీటర్లు, ఘనమైతే 0.5 గ్రాములు తీసుకొని అంగుళం చదరపు గాజుగుడ్డ కింద ఉంచి, కదలకుండా కట్టి 24 గంటలు వదిలేస్తారు. గుడ్డ తీసిన వెంటనే ఒకసారి, 72 గంటలకు మరొకసారి చర్మాన్ని పరిశీలిస్తారు. సాధారణంగా ఆరు కుందేళ్లను వాడేవారు.

ఎరుపుకు 0 నుంచి 4 వరకు, వాపుకు 0 నుంచి 4 వరకు మార్కులు ఉంటాయి. లీలగా కనిపించే ఎరుపుకు 1. బీట్‌రూట్ రంగుకు తిరిగిన తీవ్రమైన ఎరుపుకు 4. వాపు సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తు లేస్తే 3. అంతకు మించి లేచి, పదార్థం పూసిన హద్దును దాటితే 4. వీటి సగటులను కలిపితే గరిష్ఠంగా 8 వస్తుంది. అమెరికాలో 1960 నాటి ప్రమాదకర పదార్థాల చట్టం కింద ఏర్పడిన నిబంధనలు ఈ పద్ధతినే స్వీకరించి, 5 గాని అంతకు మించి గాని వచ్చిన పదార్థాన్ని ప్రాథమిక ప్రకోపకారిగా నిర్ణయించాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. ఒకటి, ఆల్బినో చర్మంలో వర్ణకం లేదు గనుక ఎరుపు తేటగా కనిపిస్తుంది. ముదురు చాయ గల మనిషి చర్మంపై అదే ఎరుపు అంత సులువుగా కంటికి ఆనదు. అంటే కొలతకు అనువైన చర్మం, రక్షణ పొందవలసిన చర్మాలన్నింటికీ ప్రతినిధి కాదు. రెండు, ‘లీలగా’ అన్నదానికీ ‘స్పష్టంగా’ అన్నదానికీ మధ్య గీత గీసేది పరిశీలకుని కన్నే. కాగితం మీదికి వచ్చేసరికి అది అంకె. పుట్టినచోట అది అభిప్రాయం.

4. అంకెపై సందేహం

ఈ బలహీనతను 1971లో వైల్, స్కాలా అనే శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. ఇరవైకి పైగా ప్రయోగశాలలకు ఒకే పదార్థాలను పంపి, కుందేలు కంటిపైనా చర్మంపైనా పరీక్షలు చేయించి ఫలితాలను పోల్చారు. కొన్ని ప్రయోగశాలలు అత్యంత ప్రకోపకరమన్న పదార్థాలనే మరికొన్ని అతి తక్కువ ప్రకోపకరమైనవిగా లెక్కించాయి. కొత్త నిబంధనలలో ఈ పద్ధతులను ప్రామాణికంగా సిఫారసు చేయరాదని వారు తేల్చారు. ఇది జంతుప్రేమికుల వాదన కాదు. విషశాస్త్రం లోపలి నుంచే వచ్చిన విమర్శ.

అయినా పరీక్ష నిలిచింది. 1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 404వ మార్గదర్శకంగా దానిని అంతర్జాతీయ స్థాయికి తీసుకెళ్లింది. సంస్కరణలు మాత్రం జరిగాయి. పదార్థాన్ని ఉంచే కాలం 4 గంటలకు తగ్గింది. గీతలు పెట్టడం పోయింది. కుందేళ్ల సంఖ్య తగ్గింది. 2002 నాటి సవరణ, ముందుగా లభ్యమైన సమాచారాన్నంతా పరిశీలించాలనీ, తప్పనిసరైతే తొలుత ఒకే జంతువుపై పరీక్షించాలనీ సూచించింది. 1959లో రసెల్, బర్చ్ ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాల ప్రభావం ఇందులో కనిపిస్తుంది. 1980లో న్యూయార్కులో హెన్రీ స్పైరా నడిపిన ఉద్యమం కుందేలు కంటి పరీక్షను ప్రజల దృష్టికి తెచ్చింది.

5. ప్రత్యామ్నాయం, పాత కొలబద్ద

2010లో వెలువడిన 439వ మార్గదర్శకం చరిత్రను మలుపు తిప్పింది. మనిషి చర్మకణాలను పెంచి తయారుచేసిన పైపొరపై రసాయనాన్ని ఉంచి, కడిగి, సుమారు 42 గంటల తర్వాత ఎన్ని కణాలు బతికి ఉన్నాయో చూస్తారు. బతికిన కణాలు పసుపు రంగును ఊదా రంగుగా మారుస్తాయి. ఆ రంగు గాఢతను యంత్రం కొలుస్తుంది. సగం గాని అంతకు తక్కువ గాని కణాలు మిగిలితే పదార్థం ప్రకోపకారి. ఇక్కడా ఫలితం రంగులోనే ఉంది. కానీ చదివేది కన్ను కాదు.

అయితే ఈ కొత్త పరీక్ష సరైనదని ఎలా తేల్చారు? ప్రధానంగా పాత కుందేలు ఫలితాలతో పోల్చే. 2010లోనే ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కుందేళ్లపై ప్రకోపకరమని తేలిన 16 రసాయనాలలో 5 మాత్రమే మనుషుల చర్మంపై గణనీయమైన ప్రకోపం కలిగించాయి. కొలబద్దలోనే వంకర ఉన్నప్పుడు, దానితో సరిపోలడమే యోగ్యతగా ఎంచడం చిక్కే.

భారతదేశంలోనూ ఈ పరిణామం కనిపిస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రయోగాలను నియంత్రిస్తూనే, వీలైనంతవరకు పెద్ద జంతువులకు బదులు గినీపందులు, కుందేళ్లు, కప్పలు, ఎలుకల వంటి చిన్న జంతువులను వాడాలని సూచించింది. దయ చూపడానికి చేసిన చట్టంలో సైతం కుందేలు ప్రత్యామ్నాయంగానే నిలిచింది. 2014లో సౌందర్యసాధనాలను జంతువులపై పరీక్షించడాన్నీ, అలా పరీక్షించినవాటి దిగుమతినీ దేశం నిషేధించింది. ఈ నిషేధం సౌందర్యసాధనాలకే పరిమితం.

6. ముగింపు

చర్మప్రకోప పరీక్ష ఏడు దశాబ్దాలు నిలవడానికి కారణం దాని కచ్చితత్వం కన్నా దాని ఉపయోగం. చట్టం అంకెను అడిగింది. కుందేలు చర్మం అంకెను ఇచ్చింది. ఆ క్రమంలో ఎరుపూ వాపూ లెక్కకెక్కాయి, మంట ఎక్కలేదు. 24 గంటలు కట్టుబడి ఉన్న కుందేలు పడిన బాధకు పట్టికలో గడి లేదు. నాడులు లేని కృత్రిమ చర్మం ఆ బాధను తప్పించింది. ఇది నిస్సందేహంగా నైతికమైన ముందడుగు. కానీ ఎరుపూ వాపూ లేకుండానే మనిషికి కలిగే మంటను ఆ కణజాలమూ చెప్పలేదు. కొలవగలిగినదాన్నే హానిగా గుర్తించే అలవాటు పరీక్ష మారినంత మాత్రాన మారలేదు. అనుభవించేవారి మాటకు సాక్ష్యంగా ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న విషశాస్త్రం ముందు ఇంకా మిగిలే ఉంది.